గచ్చు ఆరేదాకా

అక్టోబరు నెల. లేయర్ పట్నానికి ఆవల, వరదకట్టకు ఇవతల
తలుపులూ కిటికీలూ ఉండి
నేల మాత్రం లేని మా ఇల్లు.
వేడినీళ్ల గొట్టాలు గదుల నిండా
జంతికల్లా చుట్టలు చుట్టుకుని పడున్నాయి.

ఫోక్కో బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు,
రెండు కాగితాలు చూపించాడు.
మామూలు గచ్చు ఒకటి. త్వరగా ఆరే గచ్చు ఇంకొకటి.
మధ్యన తేడా మూడు వేల రెండు వందల యూరోలు,
ఆరడానికి ఆరేడు వారాలు.

హావుకె అప్పుడే వేళ్లు మడిచి లెక్క మొదలెట్టాడు.
డిసెంబరు ఆఖరుకి అద్దె ఇల్లు ఖాళీ చెయ్యాలి.
అటు అద్దె, ఇటు బ్యాంకు వడ్డీ,
అడకత్తెరలో పోకచెక్కలం మేము.

నాది రొట్టెల బట్టీలో రాత్రిపని.
ఈస్టు రెట్టింపు వేస్తే గంటలో పొంగుతుంది పిండి.
పొంగుతుంది, రుచి రాదు.
పొద్దున్నే కొనుక్కుపోయేవాళ్లకి ఆ తేడా తెలీదు,
నాకు తెలుస్తుంది. అదే చెప్పాను.
"గచ్చుని ఎవరూ తినరు గేషె," అన్నాడు హావుకె.

ఫోక్కో ఎవరి పక్షమూ పట్టలేదు.
"నీళ్లు పోవాలి. మొత్తం పని అంతే.
మామూలుదైతే గాలిలోకి పోతాయి, వాటికి తోచినప్పుడు.
మీరు రోజూ కిటికీలు తెరవాలి, మూయాలి.
రెండోదాంట్లో మందు ఉంటుంది.
సగం నీళ్లని సిమెంటే తనలో కట్టేసుకుంటుంది.
కానీ కొలత ఒక్క లోటా తప్పితే
ఆ మందు పనిచెయ్యదు."

"మీ ఇంట్లో అయితే ఏది పోస్తావు?"
లేచి ప్యాంటు దులుపుకున్నాడు.
"మా ఇంట్లో ఇప్పటికీ మా తాత పరిచిన చెక్కలే.
కింద ఇసుక. నడిస్తే కిర్రుమంటాయి."

హావుకె మాటే నెగ్గింది. సంతకం నాది.

ఎదురింటి తాల్కెయా అదే వారంలో
మామూలు గచ్చు పోయించుకుంది.
రోజూ పొద్దునా సాయంత్రం ఆమె కిటికీలు తెరుచుకునేవి,
చేపల్లా గాలి మింగి మూసుకునేవి.
హావుకె అది చూసి నవ్వేవాడు. నేనూ నవ్వాను, ఎందుకు దాచడం.

తొమ్మిదో రోజు ఫోక్కో వచ్చి
వంటింటి గుమ్మం దగ్గర పిడికెడు గచ్చు తవ్వాడు.
నలగ్గొట్టి, ఇనప గోలీలతో ఉక్కు సీసాలో వేసి
చెవి దగ్గర పెట్టుకుని గిలకొట్టాడు.
ముల్లు కదిలింది, ఆగింది.
"ఆరింది," అన్నాడు.
తవ్విన గుంటని అంతకంటే నల్లటి ముద్దతో పూడ్చి వెళ్లాడు.

ఆ సాయంత్రమే పోలండ్ మిల్లు నుంచి ఉత్తరం.
కలప ఆరబెట్టే కొలిమి పాడైందట.
ఓక్ పలకలు ఇంకా పచ్చిగానే ఉన్నాయట.
క్షమించాలట.
హావుకె ఆ కాగితం రెండుసార్లు చదివి
గచ్చు మీద చతికిలబడ్డాడు.
అంత డబ్బు పోసి ఆరబెట్టిన నేల,
పాపం, కూర్చోడానికి బాగానే ఉంది.

డిసెంబరులో బట్టగచ్చు మీదికే కాపురం వచ్చాం.
మంచం కాళ్ల కింద అట్టముక్కలు.
ఎంత ఊడ్చినా బూడిదరంగు పొడి,
నా ఒంటి మీది పిండితో కలిసి
ఏది ఏదో తెలిసేది కాదు.
తెల్లవారి నేను పని నుంచి వచ్చేసరికి
గొట్టాల్లో వేడినీళ్లు తిరుగుతుండేవి.
మేజోళ్లతో అలా నిలబడిపోయేదాన్ని, లైటు వెయ్యకుండా.

ఫిబ్రవరిలో మా పలకలు దిగాయి.
అదే మంగళవారం తాల్కెయా ఇంటి ముందు కూడా ఒక లారీ.
ఆమె ఏమీ అనలేదు. టీకి పిలిచింది.
కప్పులో కలకండ చిటపటమంటుంటే
ముగ్గురం దాన్నే విన్నాం కాసేపు.
"డిసెంబరుకల్లా ఇంట్లోకి వచ్చాం కదా,"
దారిలో హావుకె అన్నాడు, నేను అడక్కుండానే.
అదీ నిజమే.

గచ్చు ఇప్పుడు ఓక్ కింద ఉంది.
వంటింటి గుమ్మం నుంచి మూడడుగులు, ఎడమకి,
ఫోక్కో పూడ్చిన చోటు.
హావుకె నమ్మడు గానీ
అక్కడ నా కాలికి కాస్త చల్లగా తగులుతుంది.